జిప్‌లో ఫైలు కనబడకపోతే కాపీ కొట్టినట్టేనా?

సంపాదకులకు నమస్కారం.

మీ ఉత్తరాల పేజీలో ఇటీవల ఒక రిటైర్డ్ ప్రొఫెసర్ గారు బీటెక్ ఫైనలియర్ ప్రాజెక్టుల గురించి రాసింది చదివాను. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వెళ్ళిన కాలేజీల్లో విద్యార్థులు ఇచ్చే జిప్ ఫైళ్ళు తెరిచి చూస్తే ఫైళ్ళన్నిటికీ ఒకే తేదీ, ఒకే సమయం కనిపిస్తోందట. పని ఎలా నడిచిందో చెప్పే చరిత్ర ఏమీ ఉండట్లేదట. ముఖ్యమైన ఫోల్డర్లు ఖాళీగా ఉంటున్నాయట. ఈ మూడూ కనిపిస్తే అది అమీర్‌పేటలో కొన్న ప్రాజెక్టేనని, వైవాతో పని లేకుండానే సున్నా వేయాలని వారు రాశారు.

నేను నగర శివారులోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ ప్రోగ్రామర్‌ని. క్లాసులు చెప్పను. వైవా రోజున ప్రొజెక్టర్ దగ్గర నిలబడి, ఏ బ్యాచ్ కోడ్ రన్ కాలేదో వాళ్ళ పక్కన కూర్చునేది మాత్రం నేనే. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ప్రాజెక్టులు అమ్ముతామనే బోర్డులు నేనూ రోజూ చూస్తాను. కొనేవాళ్ళు లేరని వాదించను. కానీ కొన్న ప్రాజెక్టులో ఫోల్డర్లు ఖాళీగా ఉండవండీ. కోడ్, డేటా, రిపోర్టు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు, అన్నీ సర్ది చేతిలో పెడతారు. సగం ఫైళ్ళు లేని జిప్ పట్టుకొచ్చి బిక్కమొహం వేసేది ఎక్కువగా సొంతంగా కష్టపడ్డ పిల్లలే. వాళ్ళ తరఫున ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

గిట్ గురించి తెలియని పాఠకుల కోసం ఒక మాట. ప్రోగ్రాముల్లో ఎవరు, ఎప్పుడు, ఏం మార్చారో మొత్తం దాచిపెట్టే సాఫ్ట్‌వేర్ అది. లినక్స్ కెర్నెల్ పని కోసం లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రాశారు. మార్పులు దాచిన ఒక్కో దఫాను కమిట్ అంటారు. ప్రతి కమిట్‌కీ అంకెలు, అక్షరాలు కలిసిన నలభై గుర్తుల నంబరు ఉంటుంది. ఇదంతా ఉండే చోటు రిపోజిటరీ. అందులోంచి ఒక కమిట్ నాటి ఫైళ్ళను మాత్రం విడిగా తీసి ఇవ్వడం ఎక్స్‌పోర్ట్. ఇలాంటి పనికే ఉన్న పాత సాఫ్ట్‌వేర్‌లు సీవీఎస్, సబ్‌వర్షన్‌లలో ఆ పేరుతోనే కమాండ్ ఉంది. గిట్‌లో ఆ పని గిట్ ఆర్కైవ్ అనే కమాండ్ చేస్తుంది. రిపోజిటరీలను నెట్‌లో దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో ఆకుపచ్చ బటన్ నొక్కి డౌన్‌లోడ్ జిప్ అంటే వచ్చేదీ అలాంటి జిప్పే.

ఒకే తేదీ సంగతి ముందు చూద్దాం. గిట్ ఏ ఫైలుకూ విడిగా సవరణ సమయం దాచుకోదు. కాబట్టి జిప్ కట్టేటప్పుడు ఆ కమిట్ ఎప్పుడు జరిగిందో ఆ సమయాన్నే అన్ని ఫైళ్ళకూ వేస్తుంది. నాలుగు నెలలు కూర్చుని రాసిన ప్రాజెక్టయినా సరే, ప్రతి ఫైలు మీదా ఆఖరి కమిట్ గంట, నిమిషం, సెకను పడతాయి. ప్రొఫెసర్ గారికి అనుమానం తెప్పించిన ఆ ఒకే సమయం, పిల్లవాడు గిట్ వాడాడని చెప్పే ఆనవాలు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ కొట్టి జిప్ చేసి ఉంటే ఫైలుకొక తేదీ కనిపించేది.

చరిత్ర సంగతీ అంతే. ఎక్స్‌పోర్ట్ చేసిన జిప్‌లో చరిత్రంతా దాచి ఉంచే డాట్ గిట్ అనే ఫోల్డర్ రాదు. రాకూడదు కూడా, ఎక్స్‌పోర్ట్ ఉన్నదే అందుకు. చరిత్ర చూడాలంటే రిపోజిటరీని క్లోన్ చేసుకోవాలి, అంటే చరిత్రతో సహా మొత్తం నకలు దించుకోవాలి. పోర్టల్‌లో జిప్ మాత్రమే అప్‌లోడ్ చేయమని రూలు పెట్టింది మనమే. తర్వాత అందులో చరిత్ర లేదేమని పిల్లల్ని నిలదీస్తే వాళ్ళేం చేస్తారు?

ఇక ఖాళీ ఫోల్డర్లు. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. "మేడమ్, నిన్న రాత్రి కూడా నా ల్యాప్‌టాప్‌లో రన్ అయింది" అని పిల్లలు ఏడుపు గొంతుతో అంటే నేను నమ్ముతాను. ఎందుకంటే ఎక్స్‌పోర్ట్‌లోకి వచ్చేది కమిట్‌లో ఉన్న సరుకే. ల్యాప్‌టాప్ స్క్రీన్ మీద కనిపించేదంతా కమిట్‌లో ఉండాలని లేదు. చివరి మార్పులు సేవ్ చేసి కమిట్ చేయకపోతే అవి రావు. ఇది అందరికీ తెలిసిందే, కమిట్ కానివి చూపించే గిట్ స్టేటస్ కమాండ్ కొడితే తేలిపోతుంది. తేలనివి వేరే ఉన్నాయి.

జిప్ విప్పితే ప్రాజెక్టును పరిచయం చేసే రీడ్‌మీ ఫైలు ఒక్కటే ఉందనుకోండి. ఎగ్జామినర్ గారికి కోపం రావడం సహజం. కానీ విప్పిన ఫోల్డర్ పేరు చూడండి, ప్రాజెక్టు పేరు చివర మెయిన్ అని ఉంటుంది. గిట్‌హబ్ 2020 అక్టోబరు నుంచి కొత్త రిపోజిటరీల్లో మొదటి బ్రాంచికి, అంటే కమిట్ల వరసకు, మెయిన్ అని పేరు పెడుతోంది. పిల్లలు తమ కంప్యూటర్‌లో కొత్త రిపోజిటరీ తెరవడానికి గిట్ ఇనిట్ కొడితే, సెట్టింగు మార్చుకోకపోతే, అక్కడి బ్రాంచి మాస్టర్ అవుతుంది. సైట్‌లో రీడ్‌మీతో మెయిన్, వీళ్ళు పుష్ చేసిన (సైట్‌కు పంపిన) కోడ్‌తో మాస్టర్, రెండూ పక్కపక్కనే ఉండిపోతాయి. డౌన్‌లోడ్ జిప్ మెయిన్‌నే ఇస్తుంది. సైట్‌లో బ్రాంచి పేరు మీద నొక్కి మాస్టర్‌కి మార్చి చూస్తే కోడ్ మొత్తం అక్కడే ఉంటుంది. ఇంత చిన్న విషయానికి ఒక బ్యాచ్‌ను బయటికి పంపడం నేను కళ్ళారా చూశాను.

ఈ మధ్య అన్నీ డీప్ లెర్నింగ్ ప్రాజెక్టులే కదా. ట్రైనింగ్ అయిన మోడల్ ఫైలు వందల ఎంబీ ఉంటుంది. గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలును మామూలుగా తీసుకోదు, పెద్ద ఫైళ్ళను విడిగా దాచే గిట్ ఎల్ఎఫ్ఎస్ వాడమంటుంది. పిల్లలు బుద్ధిగా అలాగే చేస్తారు. అప్పుడు రిపోజిటరీలో ఆ పేరుతో ఉండేది మూడు లైన్ల చిన్న టెక్స్ట్ ఫైలు. వెర్షన్ ఏమిటి, అసలు ఫైలు గుర్తు నంబరు ఏమిటి, సైజు ఎంత, అంతే. సినిమా హాల్ దగ్గర స్కూటర్ పెట్టినప్పుడు ఇచ్చే పార్కింగ్ చీటీ లాంటిది, చీటీ మీద కిక్కు కొడితే బండి కదలదు. డౌన్‌లోడ్ జిప్‌లో వచ్చేది ఆ చీటీయే, రిపోజిటరీ యజమాని సెట్టింగుల్లోకి వెళ్ళి ఎల్ఎఫ్ఎస్ ఫైళ్ళను కూడా ఆర్కైవ్‌లో చేర్చమని టిక్ పెడితే తప్ప. ఆ టిక్ ఒకటుందని పిల్లలకు ఎవరు చెప్పారు?

దీని లక్షణం కూడా గమ్మత్తుగా ఉంటుంది. ఇలాంటి మోడళ్ళకు వాడే పైటార్చ్ లైబ్రరీ పాత వెర్షన్లతో (2.6కు ముందువి) ఆ మోడల్‌ను లోడ్ చేయబోతే ఇన్‌వ్యాలిడ్ లోడ్ కీ అని, పక్కన కొటేషన్లలో ఇంగ్లీషు వి అక్షరం చూపిస్తుంది. అందరూ మోడల్ పాడైందని, పైథాన్ వెర్షన్ కుదరలేదని అరగంట కొట్టుకుంటారు. ఆ వి ఎక్కడిదంటే, మూడు లైన్ల చీటీలో మొదటి మాట వెర్షన్, దాని మొదటి అక్షరం. మోడల్ ఫైలు సైజు చూడండి, వందల ఎంబీకి బదులు ఒక్క కేబీ కూడా ఉండదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మూడు లైన్లూ చదవొచ్చు. గిట్ ఎల్ఎఫ్ఎస్ ఇన్‌స్టాల్ చేసి, క్లోన్ చేసుకుని, గిట్ ఎల్ఎఫ్ఎస్ పుల్ కొడితే అసలు ఫైలు దిగుతుంది. వైవా గదిలో ఎర్ర అక్షరాల ఎర్రర్ చూసి "మోడల్ ట్రైన్ చేయకుండానే చేశామని రాశారు" అన్న మాట పడ్డ ఆడపిల్లలు నాకు తెలుసు. గూగుల్ కోలాబ్ సైట్ ఇచ్చే ఉచిత జీపీయూ (వేగంగా లెక్కలు చేసే చిప్) టైమ్ అయిపోతుందని వంతులేసుకుని రాత్రుళ్ళు మేలుకుని ట్రైన్ చేసుకున్నారు వాళ్ళు.

ఫోల్డర్ ఉండి లోపల ఏమీ లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. పిల్లలు వేరేవాళ్ళ లైబ్రరీ ఒకటి తమ ప్రాజెక్టు ఫోల్డర్ లోపలే క్లోన్ చేస్తారు. అంటే ఒక రిపోజిటరీ కడుపులో ఇంకో రిపోజిటరీ. బయటి గిట్ దాన్ని మామూలు ఫోల్డర్‌గా తీసుకోదు, ఆ లోపలిదాని కమిట్ నంబరు ఒక్కటే రాసుకుంటుంది. కమిట్‌కు ఫైళ్ళు చేర్చే గిట్ యాడ్ కొట్టినప్పుడే పసుపు రంగులో పెద్ద హెచ్చరిక ఇస్తుంది, చదివేదెవరు! ఎక్స్‌పోర్ట్ చేస్తే ఆ ఫోల్డర్ ఖాళీగా వస్తుంది. లోపలి రిపోజిటరీని సబ్‌మాడ్యూల్ అని పద్ధతి ప్రకారం పెట్టుకున్నా జిప్‌లో ఖాళీయే, గిట్ ఆర్కైవ్ సబ్‌మాడ్యూళ్ళ లోపలి సరుకు తీసుకురాదు. పొరపాటున ఇరుక్కున్న రిపోజిటరీ అయితే గిట్ ఆర్ఎమ్‌కు క్యాష్డ్ అనే ఆప్షన్ ఇచ్చి ఆ ఫోల్డర్‌ను లెక్కలోంచి తీసేయాలి. దాని లోపలి డాట్ గిట్‌ను తొలగించి, మళ్ళీ యాడ్ చేసి కమిట్ చేయాలి. తీసేయడమంటే డిస్క్ మీది ఫైళ్ళు పోవు, భయపడక్కర్లేదు.

ఫోల్డరే కనిపించకపోతే గిట్ వేటిని పట్టించుకోకూడదో రాసిపెట్టే డాట్ గిట్‌ఇగ్నోర్ ఫైలును అనుమానించండి. గిట్‌హబ్‌లో రిపోజిటరీ తెరిచేటప్పుడు పైథాన్ టెంప్లేట్ ఎంచుకుంటే వచ్చే ఇగ్నోర్ జాబితాలో లిబ్ అనే ఫోల్డర్ పేరు కూడా ఉంది. పాపం, ఎవరో తమ సొంత కోడ్‌ను లిబ్ అనే ఫోల్డర్‌లో పెట్టుకుంటారు. గిట్ ఒక్క మాటైనా అనకుండా దాన్ని పక్కన పెడుతుంది. గిట్ చెక్-ఇగ్నోర్ కమాండ్‌కు హైఫన్ వి పెట్టి ఆ ఫైలు పేరు ఇస్తే ఏ ఫైల్లో ఏ లైను వల్ల వదిలేసిందో చూపిస్తుంది. ఇది తెలిసినవాళ్ళు మా స్టాఫ్‌లోనే తక్కువ.

ఏ ఫైలును ఎలా చూడాలో గిట్‌కు చెప్పే డాట్ గిట్‌ఆట్రిబ్యూట్స్ ఫైలుది ఇంకా తిరకాసు. అందులో ఏదైనా ఫోల్డర్ పేరు పక్కన ఎక్స్‌పోర్ట్-ఇగ్నోర్ అని ఉంటే, క్లోన్‌లో అది ఉంటుంది, జిప్‌లో ఉండదు. ఎక్కడినుంచో తెచ్చుకున్న స్టార్టర్ కోడ్‌లో ఆ లైను ఉండొచ్చు, టెస్టుల ఫోల్డర్ అలా మాయమవుతుంది. లైను తీసేశాం మేడమ్, అయినా రావట్లేదు అంటారు. తీసేసిన మార్పును కమిట్ చేయలేదు మరి! గిట్ ఆర్కైవ్ ఆ నియమాలను మీరు ఎక్స్‌పోర్ట్ చేసే కమిట్‌లోంచే చదువుతుంది. పాత కమిట్‌ను ఎక్స్‌పోర్ట్ చేస్తే పాత నియమమే వర్తిస్తుంది. కమిట్ చేయకుండానే కుదరాలంటే వర్క్‌ట్రీ-ఆట్రిబ్యూట్స్ అనే ఆప్షన్ ఇవ్వాలి.

జిప్ అసలు తెరుచుకోకపోతే? పాడైన ఫైలు కావాలనే అప్‌లోడ్ చేసి గడువు సంపాదిస్తున్నారని కూడా అంటున్నారు. అలాంటి అతి తెలివి ఉన్నవాళ్ళూ ఉండొచ్చు. కానీ విండోస్‌తో పాటు వచ్చే పవర్‌షెల్ 5.1లో (కమాండ్లు కొట్టే విండో) గిట్ ఆర్కైవ్ కొట్టి, బాణం గుర్తుతో (>) జిప్ ఫైల్లోకి మళ్ళిస్తే ఆ జిప్ పాడవ్వాల్సిందే. ఆ బాణం వచ్చినదాన్నంతా అక్షరాలనుకుని యూటీఎఫ్-16 అనే అక్షరాల కోడింగ్‌లోకి మార్చి రాస్తుంది. లినక్స్‌లో అదే కమాండ్ చక్కగా పనిచేస్తుంది కాబట్టి పుస్తకంలో చూసి కొట్టినవాడికి తప్పు ఎక్కడుందో అంతుపట్టదు. పవర్‌షెల్ 7.4 నుంచి దీన్ని సరిచేశారు, అయితే దాన్ని విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాలి. అదెందుకు, బాణం మానేసి హైఫన్ ఓ పెట్టి ఫైలు పేరు ఇస్తే ఏ వెర్షన్ అయినా ఒకటే.

తెలుగు మీద పనిచేసే బ్యాచ్‌లకు ఈ బాణం ఇంకో రకం దెబ్బ. తెలుగు వార్తల్ని విషయం వారీగా విడగొట్టే ప్రాజెక్టు చేసినవాళ్ళు పాత కమిట్‌లోని తెలుగు పదాల జాబితా ఒక్కటే కావాలని, ఫైలు పాత రూపాన్ని చూపించే గిట్ షో కొట్టి, బాణంతో ఫైల్లోకి పంపారు. తెరిస్తే తెలుగు ఒక్క ముక్క లేదు, గ్రీకు ఆల్ఫా గుర్తులు, చుక్కల గళ్ళు వరసగా ఉన్నాయి. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు అక్షర సంకేతం మూడు బైట్లు, అన్నిటికీ మొదటి బైటు ఒకటే. కన్సోల్ దాన్ని పాత డాస్ కోడ్‌పేజీ (ఏ బైటు ఏ అక్షరమో చెప్పే పట్టిక) ప్రకారం చదివితే ఆ బైటు ప్రతిసారీ ఆల్ఫా అవుతుంది. అందుకే అన్ని ఆల్ఫాలు. రిపోజిటరీలోని తెలుగుకు ఏమీ కాలేదు, బయటికి తీసిన దారిలో పాడైంది. విండోస్‌లో గిట్‌తో పాటు వచ్చే గిట్ బ్యాష్ విండోలో అదే కమాండ్ కొడితే సరిగ్గా వస్తుంది. ఇంకొకరు ఫైళ్ళకు తెలుగు పేర్లు పెట్టారు. గిట్ స్టేటస్‌లో పేర్లకు బదులు 340, 260 అంటూ అంకెల వరసలు కనిపించేసరికి టెన్షన్ పడి అన్నిటికీ ఇంగ్లీషు పేర్లు మార్చబోయారు. కోర్ డాట్ కోట్‌పాత్ సెట్టింగును ఫాల్స్ చేయగానే తెలుగు పేర్లు తెలుగులోనే కనిపించాయి. ఇంగ్లీషులో చేసుంటే వీళ్ళకు ఈ తిప్పలుండేవి కావు. తెలుగులో చేసినందుకు మార్కులు కలపకపోతే మానె, అనుమానించడం మాత్రం అన్యాయం.

ప్రొఫెసర్ గారికి అసలు చెప్పదలచుకున్నది ఇది. జిప్ ఎక్కడిదో ఆ జిప్పే చెబుతుంది. గిట్ ఆర్కైవ్ ఒక కమిట్‌ను జిప్ చేసేటప్పుడు ఆ కమిట్ నంబరును జిప్ కామెంట్‌లో రాసిపెడుతుంది. విన్‌రార్‌లో తెరిస్తే కామెంట్ కనిపిస్తుంది. లినక్స్‌లో అన్‌జిప్ కమాండ్‌కు హైఫన్ జెడ్ పెడితే చాలు. టార్ ఫైలైతే (లినక్స్‌లో జిప్ లాంటిది) గిట్ గెట్-టార్-కమిట్-ఐడీ కమాండ్ ఉంది. ఆ నంబరు పట్టుకుని రిపోజిటరీలోకి వెళ్తే ఆ కమిట్‌కు ముందు ఎవరెవరు ఏమేం రాశారో వరసగా చూడొచ్చు. ఖాళీ ఫోల్డర్ సంగతీ అక్కడే తేలుతుంది. కామెంట్ లేకపోతే చేత్తో జిప్ చేసి ఉంటారు, దొంగతనం చేశారని అర్థం కాదు.

కొన్ని చోట్ల అప్‌లోడ్ అయిన ఆర్కైవ్ చెక్‌సమ్ (ఫైల్లోని బైట్లను బట్టి లెక్కకట్టే సంఖ్య) దాచుకుని, తర్వాత సైట్ నుంచి దించినదానితో పోల్చి, తేడా వస్తే గడువు దాటాక కోడ్ మార్చారంటున్నారు. ఇదీ నిలిచే సాక్ష్యం కాదు. 2023 జనవరి 30న గిట్‌హబ్ తన సర్వర్లలో గిట్ కొత్త వెర్షన్‌కు మారినప్పుడు, కంప్రెషన్ చేసే తీరు మారి, లోపలి ఫైళ్ళు ఒక్క అక్షరం మారకపోయినా టార్ జీజెడ్ ఆర్కైవ్‌ల చెక్‌సమ్‌లు మారిపోయాయి. చెక్‌సమ్ సరిచూసుకునే ప్రోగ్రాముల తయారీ (బిల్డులు) చాలాచోట్ల ఆగిపోతే ఆ మార్పును వెనక్కి తీసుకున్నారు. పోల్చాల్సింది కమిట్ నంబర్లను.

అలాగని కమిట్ తేదీలను కళ్ళు మూసుకుని నమ్మమని కూడా చెప్పను. ఆ తేదీలు విద్యార్థి కంప్యూటర్ గడియారం నుంచి వస్తాయి, మార్చాలనుకున్నవాడు మార్చగలడు. కొన్నదా, రాసిందా అన్నది తేల్చడానికి ఈ ఫంక్షన్ ఎందుకు రాశావమ్మా, ఈ లైను తీసేస్తే ఏమవుతుంది అని అడగడాన్ని మించిన దారి లేదు. వైవా ఉన్నదే అందుకు. దాన్నే ఎత్తేద్దామనడం నాకు నచ్చలేదు.

కాలేజీలు చేయాల్సింది పెద్ద ఖర్చుతో కూడుకున్నదేమీ కాదు. పోర్టల్‌లో జిప్‌కు బదులు గిట్ బండిల్ తీసుకోవచ్చు. బండిల్ క్రియేట్ కమాండ్‌కు ఆల్ అనే ఆప్షన్ ఇస్తే అన్ని బ్రాంచిలూ చరిత్రతో సహా ఒకే ఫైల్లోకి వస్తాయి. ఎగ్జామినర్ నెట్ లేకుండా కూడా దాన్నుంచి క్లోన్ చేసుకోవచ్చు. ఎల్ఎఫ్ఎస్‌లో ఉన్న మోడల్ ఫైళ్ళు, సబ్‌మాడ్యూళ్ళు అందులో రావు, వాటిని విడిగా అడగాలి. వైవా గదిలోని కంప్యూటర్‌లో గిట్, గిట్ ఎల్ఎఫ్ఎస్ ముందే వేసి ఉంచాలి. విద్యార్థులు అప్‌లోడ్ చేసే ముందు ఆ ఫైలును వేరే బ్యాచ్ వాళ్ళ ల్యాప్‌టాప్‌లో విప్పి రన్ చేయించుకుని రావాలి, సొంత ల్యాప్‌టాప్‌లో ఎలాగూ రన్ అవుతుంది.

ప్రాజెక్టు రిపోర్టు సర్టిఫికెట్ పేజీలో హాల్ టికెట్ నంబర్ల కింద కమిట్ నంబరు కూడా ముద్రించమని నా సూచన. అయితే రిపోర్టును కూడా అదే రిపోజిటరీలో పెట్టేవాళ్ళు ఉంటారు. నంబరు రాసి కమిట్ చేయగానే కొత్త నంబరు పుడుతుంది, దాన్ని రాస్తే ఇంకోటి. కోడ్ పూర్తయిన కమిట్‌కు ట్యాగ్ అనే పేరుచీటీ పెట్టి ఆ కమిట్ నంబరే వేయాలి, అదీ రిపోర్టు బైండింగ్‌కు వెళ్ళే ముందే.

భవదీయురాలు,
ఒక ల్యాబ్ ప్రోగ్రామర్,
ఉప్పల్, హైదరాబాద్.
(ఉద్యోగరీత్యా పేరు ప్రచురించవద్దని మనవి.)